జైలు మనకు, లైసెన్సు వాళ్ళకా?
గంజాయి చట్టం గురించి మా మాట

"సారూ, ఆడేమో గంజాయి పండిచ్చుకోమని గవర్నమెంటే చెప్తాందంట. ఈడేమో నా కొడుకు జేబులో ఇంత పొట్లం దొరికిందని కేసు రాసినారు. గవర్నమెంట్లు రెండుండాయా?"

ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో, మాదిగ గేరిలో, ఒక తల్లి మమ్మల్ని అడిగిన మాట ఇది. ఆ పిల్లోడికి 19 ఏళ్ళు. పదో తరగతి తప్పి, రాతి పనిలో పాలిష్ పట్టే కూలికి పోతాండాడు. పొద్దంతా రాతి దుమ్ము, సాయంత్రం స్నేహితులు. ఆ రోజు నలుగురు పిల్లోళ్ళు ఒకే చెట్టు కింద కూచోని ఒకే పొట్లం పంచుకున్నారంట. అందులో ఇద్దరు పెద్దిండ్ల పిల్లలు. వాళ్ళకు ఫోను వచ్చింది, ఇంటికి పోయినారు. మిగిలిన ఇద్దరికీ ఫోను చేసేవాళ్ళు లేరు, స్టేషన్లో మిగిలిపోయినారు. ఒకడు మన పిల్లోడు. రెండోవాడు దూదేకుల పిల్లోడు.

ఆ తల్లి చదువుకోలేదు. అయినా ఆమె అడిగిన ప్రశ్నకు చదువుకున్న మేము అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయినాము. అందుకే ఈ రాత.

ముందు, పేపర్లో వచ్చిన సంగతి ఏందో తెలుసుకుందాం. హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం 2023లో మంత్రి జగత్ సింగ్ నేగీ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. దాని నివేదికను 2024 సెప్టెంబరులో అక్కడి అసెంబ్లీ ఆమోదించింది. 2025 జనవరిలో రెండు విశ్వవిద్యాలయాలతో ప్రయోగాత్మకంగా సాగు చేయించడానికి మంత్రివర్గం ఒప్పుకుంది. ఉత్తరాఖండ్ అంతకంటే ముందే, 2018లోనే, మత్తు లేనంత తక్కువగా ఉండే రకానికి లైసెన్సు ఇచ్చింది. ఇదంతా నార కోసం, గింజ కోసం, మందుల కోసం. పీల్చుకోవడానికి కాదు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో కొందరు బాబులు "ఇంక గంజాయికి అడ్డు లేదు" అని మాట్లాడుకుంటున్నారంటే, వాళ్ళు పేపరు సగమే చదివినారని అర్థం.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టమే ఇప్పటికీ దేశమంతా నడుస్తోంది. ఆ చట్టంలోనే 10వ సెక్షను, 14వ సెక్షను కింద సాగుకు అనుమతి ఇచ్చే వీలుంది. అంటే హిమాచల్ కొత్త తలుపు కొట్టడం లేదు. చట్టంలో ముందునుంచీ ఉన్న తలుపును తెరుస్తోంది. ఆ తలుపులోంచి లోపలికి పోయేది ఎవరు? మా ప్రశ్న అదే.

మొక్క ఒక్కటే. చట్టం చూపే రెండు

ఈ చట్టం చదివితే ఒక వింత కనబడుతుంది. గంజాయి అంటే ఆ మొక్కకు పూసే పూత, కాసే కాయ తల మాత్రమే. పూత లేకుండా ఉత్త ఆకు, ఉత్త గింజ అయితే అది ఈ చట్టం కిందికి రాదు. ఆ ఆకుతో చేసేదే భంగు. అందుకే ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో సర్కారు లైసెన్సుతో భంగు అంగళ్ళు నడుస్తున్నాయి. పండగ నాడు పెద్దకులాల ఇండ్లలో భంగు తాగితే అది ఆచారం. అదే మొక్క పూతను మన గేరిలో కుర్రోడు చుట్టుకుంటే అది నేరం. ఈ గీత ఎవరు గీసినారు? మన గేరిలోవాళ్ళయితే కాదు.

తెల్లదొరలు 1893-94లో దీని మీదనే ఒక పెద్ద కమిషను వేసినారు. ఊరూరా సాక్ష్యాలు తీసుకుని, మితంగా వాడితే పెద్ద కీడు లేదనీ, పూర్తిగా నిషేధించడం మంచిది కాదనీ, పన్ను వేసి అదుపులో పెట్టమనీ ఆ కమిషను చెప్పింది. దొరలకు కావలసింది పన్నే గదా. మన తెలుగు నేల మీదనే, ఒకనాటి బాపట్ల తాలూకాలో సంతరావూరు వైపు, సర్కారు అనుమతితోనే ఈ పంట పండింది. తర్వాత 1961లో ఐక్యరాజ్య సమితి ఒప్పందం వచ్చింది. దాని మీద మన దేశమూ సంతకం చేసింది. ఇచ్చిన గడువు తీరేసరికి 1985లో ఈ చట్టం వచ్చింది.

1985 అంటే మనకు ఇంకొకటి గుర్తుకు రావాలి. ఆ జులై 17న కారంచేడులో మన మాదిగలను వెంటాడి చంపినారు. ఆ నవంబరులో ఈ గంజాయి చట్టం అమలుకు వచ్చింది. మనల్ని చంపినోళ్ళ మీద ప్రత్యేక చట్టం రావడానికి ఇంకో నాలుగేండ్లు పట్టింది. 1989లో గాని అట్రాసిటీ చట్టం రాలేదు. దాన్ని కూడా 2018 మార్చిలో కోర్టు నీరుగార్చితే, ఏప్రిల్ 2న దేశమంతా మనం రోడ్డెక్కినాకనే పార్లమెంటు సరిచేసింది. పొట్లం చట్టానికి ఎవరూ రోడ్డెక్కే పని పడలేదు. అది చప్పుడు లేకుండా వచ్చింది, చప్పుడు లేకుండా మన పిల్లలను మింగుతోంది.

దొరికేది ఎవరు?

మన రాష్ట్రంలో గంజాయి ఎక్కడ పండుతుందో చిన్నపిల్లోడికీ తెలుసు. ఒకనాటి విశాఖ మన్యం, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా, ఒడిశా సరిహద్దు. పండించేది ఆదివాసి. విత్తనానికి, తిండికి ముందే డబ్బిచ్చేది బయటి వ్యాపారి. అప్పు తీరాలంటే అదే పంట వేయాలి. 2021 చివర్లో సర్కారు "ఆపరేషన్ పరివర్తన" పేరుతో వేల ఎకరాల్లో పంట పీకించింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల సరుకును గుట్టగా పోసి కాల్చినారు. 2024లో "ఈగల్" అని కొత్త దళమే పెట్టినారు. సరుకు కాలింది, సరే. డబ్బు పెట్టినోడు కాలినాడా? మన్యంలో పండించినోడు జైల్లో ఉన్నాడు. మూట మోసినోడు, లారీ తోలినోడు జైల్లో ఉన్నాడు. ఆ మూటకు యజమాని పేరు చార్జిషీటులో ఎన్నిసార్లు చూసినాము?

గుంటూరు నుంచి గుంతకల్లు పోయే రైలు నంద్యాల మీదుగానే పోతుంది. కర్నూలు నుంచి కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగానే పోతుంది. సరుకు పోయే దారిలో చిల్లర రాలుతుంది. రాలిన చిల్లరను ఏరుకునేది ఎవరు? పనిలేని పిల్లోడు, చదువు మానిన పిల్లోడు. వాడే వాడతాడు, వాడే అమ్ముతాడు, వాడే దొరుకుతాడు.

2022 జైలు లెక్కలు చూడండి. దేశంలో జైల్లో ఉన్న నూరుమందిలో 75 మంది నేరం ఇంకా రుజువు కానివాళ్ళు. ఆ విచారణ ఖైదీల్లో ఎస్సీలు నూటికి 20 మంది పైనే. 2011 జనాభా లెక్కల్లో మనం నూటికి 16 మందిమి, ఇంకొంచెం. కలెక్టర్లలో, జడ్జీల్లో మన వాటా తక్కువ. జైల్లో మాత్రం మన వాటాకు మించి ఇస్తున్నారు. అడక్కుండానే అమలయ్యే రిజర్వేషను ఇదొక్కటే.

అట్లని అంగళ్ళు తెరవమంటామా?

అనము. గట్టిగా చెబుతున్నాము, అనము.

ఈ మాట ఎందుకంటున్నామో మన అక్కలకు విప్పి చెప్పనక్కర లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్ళు సారా అంగడి మూయించినారు. అక్షరాలు నేర్చుకునే రాత్రిబడిలోంచి లేచిన మంట అది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997కంతా ఎత్తేసినారు. ఎందుకు? ఖజానా ఖాళీ అన్నారు. మన మొగోళ్ళ కూలి డబ్బు మీద ఖజానా నిండాలి! ఆ తర్వాత ఎవరు గద్దెనెక్కినా అదే కథ. ఒకరు 2019లో సర్కారే అంగడి పెట్టుకుని అమ్మినారు. ఇంకొకరు 2024 అక్టోబరులో 3,396 అంగళ్ళను మళ్ళీ ప్రైవేటు చేతికిచ్చి, 99 రూపాయల క్వార్టరు తెచ్చినారు. ధర తగ్గింది సారా బుడ్డికే గాని, బడి పుస్తకానికి కాదు.

మందు చట్టబద్ధం గదా. చట్టబద్ధమైనందుకు మన గేరి బాగుపడిందా? తెలంగాణలో 2021లో మద్యం అంగళ్ళలో ఎస్సీలకు నూటికి 10 రిజర్వేషను ఇచ్చినారు. కొందరు మనవాళ్ళు సంబరపడినారు. విషం అమ్ముకోవడంలో వాటా మన విముక్తి కాదు. రేపు గంజాయి అంగడికి రిజర్వేషను ఇస్తామంటే కూడా మా జవాబు ఇదే.

గంజాయి ఏమీ చేయదు, మందు కంటే మంచిది అని ఒక వాదన నడుస్తోంది. 2019లో ఎయిమ్స్ డాక్టర్లు దేశమంతా చేసిన సర్వే బయటికొచ్చింది. మందు తాగేవాళ్ళు 16 కోట్లు. గంజాయి, చరస్ వాడేవాళ్ళు సుమారు 1 కోటి 30 లక్షలు. మందు చేసే నాశనం చాలా పెద్దది, నిజమే. కానీ పక్కింటోడికి పాము కరిచిందని మన ఇంట్లోకి తేలును తెచ్చుకుంటామా? భంగుతో కలిపి చూస్తే సుమారు 72 లక్షల మందికి వాడకం సమస్యగా మారిందని అదే సర్వే చెప్పింది. చిన్న వయసులో మొదలుపెడితే మెదడు మీద దెబ్బ ఎక్కువ. కొందరికి మతి చలిస్తుంది. బడిలో పాఠం చెప్పే మాకు ఇది కళ్ళారా తెలుసు. ముందు బెంచీలో కూచునేవాడు వెనక బెంచీకి పోతాడు, తర్వాత గోడ అవతలికి పోతాడు, తర్వాత హాజరు పట్టీలో పేరే మిగులుతుంది.

అమెరికా నల్లవాళ్ళ నుంచి నేర్చుకోవలసింది

అమెరికాలో 1996లో కాలిఫోర్నియా జనం ఓటేసి మందు కోసం గంజాయిని అనుమతించుకున్నారు. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు సరదాకు కూడా అనుమతించినాయి. అంతకు ముందు ఏం జరిగింది? నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు ఇంచుమించు ఒకే పాటిలో గంజాయి వాడుతున్నా, నల్లవాళ్ళను దాదాపు 4 రెట్లు ఎక్కువగా అరెస్టు చేసినారని అక్కడి పౌరహక్కుల సంఘం 2013లో లెక్కతో చూపించింది. మరి చట్టం మారినాక అంగళ్ళు ఎవరివి? పెట్టుబడి ఉన్నవాళ్ళవి. పాత కేసు ఉన్నోడికి మొదట్లో చాలాచోట్ల ఆ వ్యాపారంలో అడుగుపెట్టే దారే లేదు. నిన్న ఏ పనికి నల్లోడు జైలుకు పోయినాడో, ఈరోజు అదే పనికి తెల్లోడు షేర్లు అమ్ముకున్నాడు. తర్వాత నల్లవాళ్ళు కొట్లాడితేనే ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలు 2019లో పాత కేసులు కొట్టేయడం, వాళ్ళకు లైసెన్సుల్లో చోటివ్వడం మొదలుపెట్టినాయి.

థాయిలాండ్ ఇంకో పాఠం. 2022లో ఒక్కసారిగా గేట్లు ఎత్తేసినారు. వీధి వీధికీ అంగడి వెలిసింది. 2025లో మళ్ళీ డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని వెనక్కి తిరిగినారు. అంటే, తొందరపడి తెరిచినా తప్పే. మూసిపెట్టి పేదోణ్ణి బాదినా తప్పే.

మన దగ్గర రేపు లైసెన్సు సాగు వస్తే ఎట్లుంటుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర లేదు. లైసెన్సుకు భూమి కావాలి, కంచె కావాలి, మత్తు ఎంతుందో తేల్చే పరీక్ష కావాలి, కొనే కంపెనీతో ఒప్పందం కావాలి. మన చేతిలో ఉన్నది ఎకరమో అరెకరమో డీకేటీ పట్టా. దాన్ని కూడా 20 ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చని 2023లో చట్టం మార్చినారు. లైసెన్సు రెడ్డిగారి పేరు మీద, కలుపు తీసే కూలి మనది. పొరపాటున మత్తు ఎక్కువున్న రకం మొలిస్తే, ఎవరి చేను అని అడుగుతారా, ఎవరు చేలో ఉన్నారు అని అడుగుతారా? చెప్పండి.

మందుగా వాడే సంగతి వేరు

ఇక్కడ మనం మొండికేయకూడదు. మూర్ఛరోగంతో గిలగిలలాడే పసిపిల్లల్లో కొన్ని అరుదైన రకాలకు, ఈ మొక్కలోంచి తీసిన మత్తులేని సారంతో చేసిన మందును 2018లో అమెరికా ఔషధ సంస్థ ఒప్పుకుంది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల కమిషన్లో గంజాయిని అతి కఠినమైన జాబితా నుంచి తీసేయడానికి మన దేశమే అనుకూలంగా ఓటేసింది. జమ్మూలో కేంద్ర ప్రభుత్వ పరిశోధనశాల దీని మీద పని చేస్తోంది. డాక్టరు చీటీతో, సర్కారు ఆసుపత్రిలో, ఉచితంగా వచ్చే మందును మనం ఎందుకు వద్దంటాము?

పైగా మనకొక చేదు అనుభవం ఉంది. మార్ఫిన్ నొప్పి మందు. ఇదే 1985 చట్టం భయానికి ఆసుపత్రులు దాన్ని పెట్టుకోవడమే మానేసినాయి. కాన్సరు వచ్చిన మన ముసలోళ్ళు నులకమంచం మీద అరిచి అరిచి ప్రాణం విడిచినారు. డబ్బున్నోడు పెద్ద పట్నం పోయినాడు. 2014లో గాని ఆ నిబంధన సడలించలేదు. మత్తు మీద యుద్ధమని మొదలుపెట్టి, నొప్పితో ఉన్నోడి మీద యుద్ధం చేసినారు. ఇంకోసారి అట్లా జరగకూడదు.

బాబాసాహెబ్ మన చేతికిచ్చిన రాజ్యాంగం 47వ అధికరణం ఏం చెబుతోంది? ఆరోగ్యానికి హాని చేసే మత్తు పానీయాలను, మత్తు పదార్థాలను, మందుగా తప్ప, వాడకుండా చేయడానికి రాజ్యం ప్రయత్నించాలి అంటోంది. "మందుగా తప్ప" అన్న ఆ మాట చూడండి. అదే అధికరణం జనానికి పోషకాహారం, ఆరోగ్యం ఇవ్వడం రాజ్యం మొదటి బాధ్యత అంటోంది. పాలకులు ఇందులో అంగడి లాభం చూసుకున్నారు, జైలు చూసుకున్నారు. తిండి, ఆసుపత్రి వాళ్ళ కంటికి ఆనలేదు.

మేము అడిగేవి

ఒకటి. సొంతానికి వాడి దొరికిన పిల్లోణ్ణి జైలుకు కాదు, ఆసుపత్రికి పంపాలి. చట్టంలోని 64ఎ, 39 సెక్షన్లలో ఆ దారి ఇప్పటికే ఉంది. కొద్దిపాటి సరుకుతో దొరికినోడు వైద్యానికి తానే ముందుకొస్తే కేసు నుంచి రక్షణ ఉంది. ఈ సంగతి స్టేషన్లో మనకు చెప్పేవాళ్ళు లేరు. నంద్యాలలోనే కాదు, ఆళ్లగడ్డలో కూడా వ్యసనం మాన్పించే వైద్యం సర్కారు ఆసుపత్రిలో దొరకాలి.

రెండు. డబ్బు పెట్టినోణ్ణి పట్టుకోవాలి. మూట మోసినోడి లెక్క ఎట్లా చెబుతున్నారో, పెట్టుబడి పెట్టినోడి లెక్క కూడా అట్లే ఏడాదికోసారి చెప్పాలి. దొరికినవాళ్ళ కులం లెక్క కూడా బయట పెట్టాలి.

మూడు. మన రాష్ట్రంలో మందు కోసమో నార కోసమో సాగుకు అనుమతించే ఆలోచన వస్తే, ముందు పాత చిన్న కేసులు కొట్టేయాలి. ఆ తర్వాత లైసెన్సు మన్యం ఆదివాసులకు, భూమిలేని దళితుల సహకార సంఘాలకు ఇవ్వాలి. కేసులు మనమీద ఉంచి, లైసెన్సులు వాళ్ళకిస్తామంటే ఊరుకునేది లేదు.

కార్యకర్తలకు

కేసు పడినప్పుడు గాబరా పడవద్దు. ఇవి గుర్తుపెట్టుకోండి. గంజాయి 1 కిలో వరకు కొద్దిపాటి సరుకు కింద లెక్క. ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వ్యాపార సరుకు. 10 ఏండ్లకు తక్కువ శిక్ష లేదు. 37వ సెక్షను వల్ల బెయిలు మహా కష్టం. కాబట్టి తూకమే ప్రాణం. పూత తల ఒక్కటే గంజాయి గనక, కాడలు, ఉత్త ఆకులు కలిపి తూచినారా అని వకీలు చేత అడిగించండి. ఒంటి మీద సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి గాని, మేజిస్ట్రేటు గాని ముందర సోదా కోరుకునే హక్కు 50వ సెక్షను ఇచ్చింది. ఆ మాట పోలీసులే చెప్పాలి. పదిమందిని ఒకే కేసులో చుట్టి మొత్తం సరుకు అందరి నెత్తిన వేస్తున్నారేమో చూడండి. తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దు. 18 ఏండ్లు నిండని పిల్లోడయితే బడి సర్టిఫికెట్టు వెంటనే పట్టుకుపోండి. వాణ్ణి లాకప్పులో ఉంచకూడదు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు హక్కు ఉంది. 15100కు ఫోను చేయండి. మాన్పించే సలహాకు 14446.

ఇంకొక మాట, ఇది మన ఇంటి మాట. పోలీసుల ముందర పిల్లోణ్ణి వెనకేసుకొస్తాం, వెనకేసుకురావాల. గేరిలో మాత్రం వాణ్ణి వదలకూడదు. అమ్మేవాడు మనోడే అయినా మనోడని ఊరుకోవద్దు. అంబేద్కర్ సంఘం గదికి సాయంత్రం తాళం ఎందుకు పడుతోంది? ఆ దీపం వెలిగి, నాలుగు పుస్తకాలు, ఒక కారంబోర్డు ఉంటే, ఆ చెట్టు కిందికి పోయేవాళ్ళు కొందరన్నా తగ్గరా? నంద్యాలలో బ్యాంకు కోచింగుకు పోయి వచ్చిన మన పిల్లలు వారానికి ఒక రాత్రి గేరికి వచ్చి కూచుంటే తప్పా?

ఊరోళ్ళు మన గేరిని గంజాయి తోట అంటారు. అందులో ఒకడు చదువుకుంటే వాణ్ణి తులసి మొక్క అంటారు. మమ్మల్ని కూడా అట్లనే అన్నారు, పొగుడుతున్నామనుకుని. మాకు ఆ పొగడ్త వద్దు. మన గేరి తోట కాదు, మొక్కలూ కాదు. మనుషులుండే చోటు.

ఆ తల్లికి మేము చివరికి చెప్పిన జవాబు ఇది: "గవర్నమెంటు ఒకటే అక్కా. దానికి ముఖాలే రెండు. ఒక ముఖం పెద్దిండ్ల వైపు, ఒకటి మన వైపు." ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రెండోది కూడా చూసినాను లే సారూ, ఇప్పుడు వకీలు యాడుంటాడో చెప్పు" అనింది.

రేపు పొద్దున ఆమెతో కోర్టుకు పోతున్నాము. మీ ఊర్లో ఇట్లాంటి తల్లి ఉంటే, మీరూ వెంట పోండి.

జై భీమ్.